బ్యాగు మూశాక పన్నెండు వారాలు: ఒక ప్రాజెక్టు డైరీ, విశాఖపట్నం

పని ఏమిటంటే, రెక్టమ్ (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, మలం చిన్నపేగు నుంచే బయటికి పోయేలా పొట్ట మీద పెట్టిన తాత్కాలిక ఇలియోస్టమీ బ్యాగు మూసేశాక, మోషన్ మళ్లీ గాడిన పడేదాకా ఇంట్లో వాడుకోవడానికి ఒక నోటు పుస్తకం, ఒక సంచెడు సామాను, పన్నెండు వారాల క్రమం తయారుచేయడం. స్టోమా (పొట్ట మీది ఆ ద్వారం) చూసే నర్సు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ కలిసి చేస్తున్నది. సర్జన్ సరేననందే ఏ మందూ ఇందులోకి రాదు. ఇది రెండో కూర్పు డైరీ. మొదటి కూర్పు ఎక్కడ తన్నేసిందో మూడో వారం దగ్గర రాశాం.

మే రెండో వారం, బ్యాగు ఇంకా ఉండగానే

బ్యాగు మూయడం మామూలుగా మొదటి ఆపరేషన్ అయిన 8 నుంచి 12 వారాలకి. కీమో నడుస్తుంటే ఇంకా వెనక్కి పోతుంది. మూసే ముందు లోపల పేగుని కలిపి కుట్టిన అతుకు లీకు లేదని ఎక్స్‌రేలోనో స్కోపులోనో చూస్తారు. ఈ ఎదురుచూపు రోజుల్లో మన చేతిలో ఉన్న పనులు రెండు.

ఒకటి నీళ్లు. విశాఖలో మే నెలంటే ఎండ కన్నా ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. బ్యాగు ఉన్న మనిషికి పెద్దపేగు పనిలో లేదు, ఉప్పూ నీళ్లూ వెనక్కి లాగేవాడు లేడు. దాహమేసిందని ఉత్త మంచినీళ్లు చెంబుల లెక్కన తాగితే చిన్నపేగు తన ఉప్పుని ఆ నీళ్లలోకి వదిలేస్తుంది, రెండూ కలిసి బ్యాగులోకి దిగుతాయి. తాగేకొద్దీ బ్యాగు నిండుతుంది, నోరు ఎండుతుంది. కొబ్బరిబొండాందీ అదే గొడవ: పొటాషియం బోలెడు, సోడియం తక్కువ. రోజుకో బొండాం తాగితే ముప్పు లేదు గానీ ఓఆర్‌ఎస్‌కి బదులుగా పనికిరాదు. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేసుకుని ప్యాకెట్టు మడిచి పెట్టేవాళ్లే ఎక్కువ. కొన్ని ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకి వస్తాయి, వెనకాల చదవాలి. అది నోటికి ఎక్కకపోతే లీటరు పలచటి గంజికి 3 గ్రాముల ఉప్పు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఈ ఉప్పు లెక్క డాక్టర్ని అడిగే పెట్టుకోవాలి. బ్యాగులోకి 24 గంటల్లో లీటరున్నర దాటి వస్తే అదే రోజు ఫోను చేయాలని పుస్తకం అట్ట మీదే రాశాం.

రెండోది మలద్వారం చుట్టూ ఉన్న కండరం. నెలల తరబడి పని లేక అది సోమరి అయిపోతుంది. బ్యాగు మూశాక నేర్పుదామంటే అప్పటికే కాలు బాత్రూములో ఉంటుంది, నేర్చుకునే ఓపిక ఉండదు. అందుకే ఇప్పుడే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పదిమందిలో గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికీ పైకీ లాగాలి. 5 సెకన్లు పట్టి, 10 సెకన్లు పూర్తిగా వదలాలి. ఇలా 10 సార్లు, ఆ వెంటనే గబగబా 5 సార్లు. పూటకోసారి చొప్పున రోజుకి మూడు. ఆరో వారానికి 10 సెకన్లు పట్టగలగాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చాలామంది లాగడానికి బదులు ముక్కుతారు. అద్దం పెట్టి చూస్తే తేలిపోతుంది: ద్వారం లోపలికి ముడుచుకోవాలి. బయటికి ఉబ్బిందంటే అది ముక్కడమే, అలా వారం చేస్తే మేలు మాట అటుంచి చేటు. పిరుదు మీద అరచెయ్యి ఆనించి చేయమంటున్నాం. చెయ్యి కదిలితే పిరుదులు బిగిస్తున్నట్టు లెక్క. అంకెలు పైకి లెక్కపెట్టమంటే ఊపిరి బిగబట్టే అలవాటు దానంతటదే పోతుంది.

జూన్ మొదటి వారం, మూసిన రోజు నుంచి అయిదో రోజు దాకా

ఆపరేషన్ తర్వాత పేగులన్నీ ఒకేసారి నిద్ర లేవవు. చిన్నపేగు కొన్ని గంటల్లో, ఒక్క రోజులోపు. కడుపు ఒకటి రెండు రోజులకి. పెద్దపేగు రెండు మూడు రోజులకి. నిదానించడానికి కారణాలు తెలిసినవే: చేతులు పడినందుకు పేగు గోడలో వాపు, ఎక్కువైన సెలైన్, పడిపోయిన పొటాషియం, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు. ఈ చివరిదాన్నే మనం బాగా తగ్గించగలం. వేళకి పారాసెటమాల్ ముందు వేస్తే ట్రమడాల్ అవసరం తగ్గుతుందని సర్జన్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ రాత్రి డ్యూటీ చార్టులో అది ప్రత్యేకంగా రాయించుకోవాలి. లేకపోతే నొప్పి అనగానే సూది.

మొదటి సాయంత్రమే మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, రెండో రోజు నుంచి వార్డు చివరిదాకా నాలుగైదు విడతలు నడక. చక్కెర లేని చూయింగ్ గమ్ రోజుకి మూడుసార్లు, పావుగంట చొప్పున నమలడం. నమిలితే తిండి వస్తోందని పేగుకి కబురు వెళ్తుంది. పెద్దవాళ్లు గమ్ అంటే నవ్వుతారు, కట్టుడు పళ్లవాళ్లకి అది కుదరదు కూడా. వాళ్లకి బలవంతం లేదు. కాఫీ అలవాటున్నవాళ్లకి సర్జన్ సరేనంటే పలచగా ఇవ్వొచ్చు, పెద్దపేగుని కదిలించే గుణం దానికుంది.

పొట్ట బల్లలా ఉబ్బి, గ్యాస్ పోకుండా, ఆకుపచ్చ వాంతి అయితే నోటితో ఏదీ ఇవ్వకుండా వెంటనే డాక్టర్ని పిలవాలి. ఇంటికెళ్లాక జరిగితే 108. జ్వరం 100.4 దాటినా, కూర్చుని ఉండగా నాడి వంద పైనే కొడుతున్నా అంతే.

రెండో వారం

చర్మం. ఈ వారం కంప్లయింటు ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకే. రోజుకి పది పన్నెండుసార్లు వెళ్తుంటే, ప్రతిసారీ హ్యాండ్ షవర్ ఫుల్లుగా తిప్పి, సబ్బు రుద్ది, తువ్వాలుతో తుడుస్తుంటే మూడో రోజుకి ఒరుసుకుపోతుంది. ఇక నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రవం మూత నిండా పోసుకుంటే చెప్పక్కర్లేదు, కాలిపోతుంది. ఒట్టి గోరువెచ్చని నీళ్లు మగ్గుతో పోసుకోవాలి, పాత నూలు పంచె ముక్కతో అద్దాలి, రుద్దకూడదు. ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా, ఒళ్లు కనపడేంత పలచగా. రోజుకి రెండుసార్లు టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని 10 నిమిషాలు కూర్చోవాలి.

సామాను సంచిలో మొదట ఖరీదైన తడి టిష్యూలు పెట్టాం. తీసేశాం. పంచె ముక్కలు ఇరవై కత్తిరించి, ఉతికి, జిప్ కవర్లో పెట్టి ఇస్తున్నాం.

మూడో వారం: పుస్తకం మళ్లీ గీశాం

మొదటి కూర్పులో పేజీకి పదకొండు గళ్లు. సమయం, రకం, రంగు, ఎంత, నొప్పి, ఏం తిన్నారు, ఇంకా ఏవేవో. రెండో రోజుకే ఖాళీగా వచ్చాయి. మలం ఎలా ఉందో చెప్పడానికి బ్రిస్టల్ చార్టు వాడతాం, ఏడు రకాలు. బొమ్మల కింద మాటలు తేలిగ్గా ఉండాలని 1కి మేక పెంటికలు, 4కి మెత్తటి అరటిపండు, 6కి ఇడ్లీ పిండి, 7కి చారు అని రాశాం. అందరికీ ఇట్టే అర్థమైంది గానీ ఇంట్లో ఇడ్లీ తినడం మానేశారని ఫిర్యాదు. 6కి ఇప్పుడు తడి సిమెంటు అని మార్చాం.

అసలు లోపం గళ్లలో కాదు, మేం అడిగిన ప్రశ్నలో. ఎన్నిసార్లు వెళ్లారని అడుగుతూ వచ్చాం. గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో జరిగిన మాట ఇది.

"తాతగారూ, ఎన్నిసార్లన్నది వదిలేయండి. వచ్చినట్టు తెలిశాక ఎంతసేపు ఆపగలిగారు?"

"ఆపడమేటమ్మా. లెగిసేలోపే అయిపోతంది."

రెక్టమ్ అంటే తొట్టి. నిండేదాకా ఓర్చుకునేది, లోపల ఉన్నది గాలా గట్టిదా అని చెప్పేది అదే. దాన్ని తీసేసి పై పేగుని కిందికి లాగి కుట్టారు. ఈ పేగుకి తోయడమే తెలుసు, ఆగడం తెలియదు. రేడియేషన్ కూడా పడితే సాగే గుణమూ తగ్గుతుంది. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు లార్స్, లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్. కాబట్టి కొలవాల్సింది ఎన్నిసార్లని కాదు, ఎన్ని నిమిషాలని.

ఇప్పుడు గళ్లు నాలుగే: గంట, రకం, ఆగిన నిమిషాలు, కొత్తగా ఏం మార్చారు. ఒక ఉదయం పేజీ ఇలా ఉంటుంది:

5.50, రకం 6, అర నిమిషం
6.10, రకం 6, 1
6.35, రకం 5, 2
(ఇడ్లీ రెండు, కాఫీ)
8.15, రకం 6, ఆగలేదు
8.30, కొంచెమే, 1
8.50, గ్యాసే, 3

ఈ పేజీలో ఆరుసార్లు అని చదివితే ఏమీ తెలియదు. రెండు గుంపులు అని చదివితే తెలుస్తుంది: లేవగానే ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి. తిండి కడుపులో పడగానే పెద్దపేగు తోస్తుంది, అది అందరికీ ఉన్నదే. ఇక్కడ పట్టి ఉంచే తొట్టి లేదు కాబట్టి ఒక్కసారిలో అయ్యేది మూడు ముక్కలవుతోంది. మందు ఏ వేళకి వేయాలో ఈ పేజీయే చెబుతుంది.

నాలుగో వారం: స్కోరు

డెన్మార్క్‌లో తయారై 2012లో వచ్చిన లార్స్ స్కోరు వాడుతున్నాం. ప్రశ్నలు అయిదే, మొత్తం 42. గ్యాస్ ఆపలేకపోవడానికి 7 దాకా, పలచటిది జారిపోవడానికి 3, ఎన్నిసార్లు అన్నదానికి 5 దాకా (ఆ 5 రోజుకి ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లకి), గంటలోపే మళ్లీ వెళ్లాల్సి రావడానికి 11 దాకా, పరుగెత్తాల్సి రావడానికి 16 దాకా. 20 లోపు ఉంటే లార్స్ లేదు. 21 నుంచి 29 కొద్దిగా, 30 నుంచి తీవ్రం.

పాయింట్ల పంపకం చూడండి. రోజుకి ఏడుసార్లకి మించి వెళ్తే 4 పాయింట్లే. పరుగు ఒక్కటే 16. మూడో వారంలో మేం కిందామీదా పడి తెలుసుకున్నది ఇందులో ముందే ఉంది. చదివి కూడా పట్టించుకోలేదు, అంతే.

నాలుగో వారంలో 30 దాటడం మామూలే, భయపెట్టకూడదు. మార్పు ఏడాది దాకా వస్తూనే ఉంటుంది. ఈ అంకెని పన్నెండో వారంతో పోల్చడానికే రాసి ఉంచుతాం.

అయిదు, ఆరు వారాలు: గట్టిపరచడం

ఒకసారికి ఒక్కటే మార్చాలి, కనీసం మూడు రోజులు చూడాలి, ఆ తర్వాతే రెండోది. ఇసబ్‌గోల్, మాత్ర, వ్యాయామం, పథ్యం అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టి శుక్రవారానికి ఏది పనిచేసిందో చెప్పమంటే చెప్పగల నాథుడు లేడు.

ముందు ఇసబ్‌గోల్. మలబద్ధకానికి వాడేదాన్ని విరేచనాలకి ఇస్తారేమిటని ప్రతి ఇంట్లో అడుగుతారు. పొట్టు నీళ్లు పీల్చి జిగురు ముద్ద అవుతుంది. పెద్ద గ్లాసు నీళ్లతో తాగితే ఎండిన మలాన్ని మెత్తన చేస్తుంది, తక్కువ నీళ్లతో తీసుకుంటే పలచటిదాన్ని ఒక దగ్గరికి చేరుస్తుంది. రోజుకి 3 గ్రాములతో మొదలు. చెంచా లెక్క నమ్మొద్దు: పొట్టు తేలిక, పొడి బరువు, ఒకే చెంచాలో రెండింతల తేడా రావచ్చు. చిన్న ఎలక్ట్రానిక్ కాటాలో ఒకసారి తూచి, ఇంట్లోని ఏదో ఒక చెంచాకి గుర్తు పెట్టుకోమంటున్నాం. సగం గిన్నె పెరుగులో కలిపి, ముద్ద కట్టేలోపే తినేసి, అరగంట నీళ్లు తాగకూడదు. పొడిగా నోట్లో పోసుకుంటే గొంతులో అడ్డుపడుతుంది, మింగడం కష్టంగా ఉన్నవాళ్లకి అసలివ్వం. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం. మొదటి నాలుగు రోజులు గ్యాస్ పెరుగుతుంది, అది చూసి మానేస్తారు. అందుకే 3 గ్రాముల దగ్గరే వారం ఉంచి, తర్వాతే 6.

దాంతో నిమిషాలు పెరగకపోతే లోపరమైడ్ 2 మిల్లీగ్రాములు. అందరూ చేసే తప్పు, విరేచనం అయ్యాక వేసుకోవడం. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే. ఇది పేగు నడకని నిదానం చేసే మందు, తిండి పేగుని లేపకముందే లోపల ఉండాలి. టిఫిన్‌కి అరగంట ముందు. పై పేజీ ఉన్న మనిషికైతే ఉదయం 7కి ఒకటి, చాలు. కొందరికి 2 కూడా ఎక్కువై రెండు రోజులు బిగిసిపోతుంది, వాళ్లకి సగం మాత్ర. రోజుకి 16 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పై హద్దు. మా పుస్తకంలో మాత్రం 8 దాటాలంటే డాక్టరు రాయాలి. జ్వరం, రక్తం, పొట్ట ఉబ్బు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు మాత్ర లేదు.

ఆరో వారం నుంచి తలుపు దగ్గర సాధన. వచ్చినట్టు తెలియగానే పరుగెత్తకుండా బాత్రూము తలుపు పక్కన కుర్చీలో కూర్చోవాలి. కండరాన్ని అయిదారుసార్లు బిగించాలి. తోపు అలలా వస్తుంది, దానంతటదే తగ్గుతుంది. తగ్గాక నడిచి వెళ్లాలి. ముందు ఒక నిమిషం, నాలుగు రోజులకి రెండు. పరుగెత్తితే పొట్ట కండరాలు బిగిసి ఇంకా తోస్తాయి. కుర్చీ తలుపు పక్కనే ఎందుకంటే, ఓడిపోయినా రెండడుగులే.

ఎనిమిదో వారం: తిండి, శ్రావణం

తెల్లన్నం, పెరుగు, సగ్గుబియ్యం జావ, ఉడికించిన బంగాళదుంప, పండిన అరటిపండు గట్టిపరుస్తాయి. పచ్చిమిరప, గోంగూర, పనసతొన, నూనె వేపుళ్లు, బెల్లం పాకాలు జార్చేస్తాయి. చోడి (రాగి) అంబలి బలమని ఉత్తరాంధ్ర ఇళ్లలో మొదటి రోజు నుంచే పట్టిస్తారు. మంచిదే, కానీ మొదటి నెల గుడ్డలో వడకట్టి పలచగా ఇవ్వాలి, పొట్టుతో వద్దు. చేపల మీద నిషేధం లేదు. పులుసులోని కారమే దోషి. పసుపు, ఉప్పు, కాస్త మిరియంతో ఉడికించిన వంజరం ముక్క ఎవరికీ తేడా చేయలేదు.

శ్రావణ శుక్రవారాలతో చిక్కొచ్చింది. పొద్దున్నుంచి ఉపవాసం ఉండి మధ్యాహ్నం ఒక్కసారిగా పులిహోర, పూర్ణాలు, పరమాన్నం తింటే ఆ సాయంత్రం గుంపు మీద గుంపు. భీమిలి నుంచి వచ్చే ఒకావిడకి ఇలాగే అయింది. ఆవిడకి పూజ మానమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా మానరు. పొద్దున్నే పాలు, అరటిపండు తీసుకోమన్నాం, పులిహోర ఒక గరిటె, పూర్ణం ఒకటి, మిగతాది రాత్రికి కాక మర్నాటికి. రాత్రి భోజనం ఏడులోపు అయిపోతే నడిరాత్రి లేవడం తగ్గుతుంది. అందరిలోనూ ఈ ఒక్క మార్పే మూడు రోజులు కూడా ఆగకుండా ఫలితం చూపిస్తోంది.

పదో వారం: బస్సు

గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా సిటీ బస్సు, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉందో దేవుడికే తెలియాలి. ఆగిన నిమిషాలు వరసగా మూడు రోజులు 10 దాటాకే ఈ పరీక్ష. ముందు మనిషి తోడుగా రెండు స్టాపులు, తర్వాత సగం దూరం. బయల్దేరే రోజు టిఫిన్‌కి అరగంట ముందు మాత్ర, ఆ టిఫిన్ తక్కువ, మొదటి గుంపు అయిపోయాకే గడప దాటడం. సంచిలో ప్యాడ్ రెండు, పంచె ముక్కలు, ఒక లుంగీ, జిప్ కవరు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి చెకప్‌కి వచ్చేవాళ్లకి బస్సు కన్నా రైలే చెబుతున్నాం, బాత్రూము ఉంటుంది కాబట్టి.

కొందరు బయటికి వెళ్లే ముందు రోజు నుంచే తిండి మానేస్తున్నారు. ఖాళీ పేగులో పైత్యరసం, గ్యాస్, ఆకలి కలిసి ఇంకా తొందరపెడతాయి. పైగా నీరసం. పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాయాల్సింది ఇదే.

పన్నెండో వారం: మళ్లీ స్కోరు, నీళ్ల పద్ధతి

30 కిందికి వచ్చినవాళ్లకి ఇదే క్రమం కొనసాగుతుంది, మాత్ర వారానికి కొంచెం చొప్పున తగ్గించి చూస్తారు. ఇంకా 30 పైనే ఉన్నవాళ్లకి కింది నుంచి నీళ్లు పెట్టి పేగు ఖాళీ చేసుకునే పద్ధతి గురించి సర్జన్‌తో మాట్లాడుతున్నాం. అతుకు బాగా మానిందని చూసి ఆయన ఒప్పుకోవాలి, మొదటిసారి నర్సు ఎదురుగానే చేయాలి. పేగుకి చిల్లు పడే ప్రమాదం అరుదే అయినా ఉంది. హఠాత్తుగా గట్టి నొప్పి వచ్చినా రక్తం కనపడినా ఆపేసి ఆస్పత్రికి రావాలి.

నీళ్లు 36 నుంచి 38 డిగ్రీలు. మోచేతి మీద పోసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు. చల్లగా ఉంటే పేగు పట్టేసి నొప్పి లేస్తుంది. తాగే నీళ్లే వాడాలి, బీచ్ వైపు ఇళ్లలో బోరు ఉప్పునీళ్లు వద్దు. మొదట 250 మిల్లీలీటర్లు, అలవాటయ్యాక 500, కొందరికి లీటరు దాకా. కమోడ్ మీద కూర్చుని, మలద్వారంలో పెట్టే గొట్టం కొసకి (కోన్) జెల్లీ రాసి, నిదానంగా. అంతా అయ్యేసరికి ముప్పావు గంట. రోజూ ఒకే వేళకి చేస్తే తర్వాత చాలా గంటలు తెరిపి. నేల లెట్రిన్ ఉన్న ఇళ్లలో కుదరదు, మధ్యలో కన్నం ఉన్న ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ దాని మీద వేసుకోవాలి.

ఇప్పటికి తేలనిది కొక్కెం. నీళ్ల సంచి భుజం ఎత్తులో వేలాడాలి. బాత్రూము టైల్స్‌కి మేకు దిగదు, అంటించే ప్లాస్టిక్ కొక్కేలు ఆవిరికి ఊడి సంచితో సహా కింద పడుతున్నాయి. తలుపు మీద తగిలించే ఎస్ ఆకారపు ఇనుప కొక్కెం బరువు మోస్తుంది గానీ ఈ ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టి సంచి చెవిని కోసేస్తోంది. పూర్ణా మార్కెట్‌లో స్టీలువి దొరికితే డజను తెచ్చి, వచ్చే విడత సంచుల్లో వేయాలి.